నాలుగు నిమిషాల ప్రదక్షిణ

నేను ఒక తిరిగే బల్లను. బల్ల అన్నానని అన్నం తినే బల్లనో, రాసుకునే బల్లనో ఊహించుకోకండి. జానెడున్నర వెడల్పున్న ఇనప పెట్టె, లోపల చిన్న మోటారు, నెత్తిన రబ్బరు పరిచిన చదునైన పళ్లెం, అంతే నేను. మీట నొక్కితే ఆ పళ్లెం అరచేతిలో గవ్వలు కలుపుతున్నట్టు గుండ్రంగా కదులుతుంది. నిమిషానికి నూట ఎనభై చుట్లు, నాలుగు నిమిషాలు. ఆ తర్వాత ఆగిపోతాను. జీవితమంతా నేను చేసింది ఇదే. ఉన్నచోటే తిరిగాను, ఎక్కడికీ వెళ్లలేదు. అయినా తలదించుకున్న వేళ మనుషుల్ని నేను చూసినంతగా ఊళ్లు తిరిగే రైలు కూడా చూసి ఉండదు.

నేను పుట్టింది అంబాలాలో, గాజు కుప్పెలూ తక్కెడలూ సూక్ష్మదర్శినులూ తయారుచేసే ఒక ఇరుకు సందులో. నన్ను బిగించిన మేస్త్రీ తాను తాగబోయే టీ గ్లాసును నా నెత్తిన పెట్టి మీట నొక్కాడు. నాలుగు నిమిషాలు తిప్పాను. చుక్క ఒలకలేదు. ఆయన తృప్తిగా ఆ టీ తాగేసి, నన్ను గడ్డి పరిచిన చెక్కపెట్టెలో పెట్టించాడు. నాకు జరిగిన బారసాల అదొక్కటే.

పెట్టె తెరిచేసరికి గోదావరి జిల్లాల్లోని ఓ పట్నంలో, సర్కారు ఆసుపత్రిలో, పద్నాలుగో నంబరు గదిలో ఉన్నాను. అప్పట్లో ఆ గుమ్మం మీద ‘సుఖ వ్యాధులు’ అని బోర్డుండేది. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, ఆ బోర్డు కిందనుంచి సుఖంగా లోపలికొచ్చిన మనిషిని నేను ఒక్కరినీ చూడలేదు. కొన్నేళ్లకు ‘చర్మ, గుప్త వ్యాధులు’ అని మార్చారు. చర్మం అన్న మాట చాటున నిలబడి జనం కాస్త ధైర్యంగా రాసాగారు. ఆ తర్వాత ‘సురక్ష’ అన్నారు. బోర్డు మారినప్పుడల్లా వరండాలో తలలు ఒక అంగుళం పైకి లేచేవి. మనుషులకు రోగం కంటే రోగం పేరే ఎక్కువ బరువని నాకు అప్పుడే తెలిసింది.

గదిని ప్లైవుడ్డు గోడతో రెండు చేశారు. అటువైపు డాక్టర్ నసీమా గారు, సిస్టర్ ఫిలోమినా. ఇటువైపు నేను, ఒక సూక్ష్మదర్శిని, నీళ్ల తొట్టె, మా ముగ్గురినీ చూసుకునే ల్యాబ్ టెక్నీషియన్ జోగారావు గారు. ఆ ప్లైవుడ్డు పైకప్పుకు మూరెడు దిగువనే ఆగిపోయింది. అందువల్ల అటు గుసగుసలాడినా ఇటు వినబడేది. విన్నది బయటకు చెప్పే నోరు నాకు లేదు గనక ఎవరికీ నష్టం రాలేదు.

సూక్ష్మదర్శిని నాకంటే పదేళ్లు పెద్ద. దాని పని ముఖ్యంగా సెగ రోగం, అంటే గనేరియా. మూత్రంలో మంట, చీము అంటూ వచ్చే మగవాళ్ల సంగతి దానికి తేలిక. గాజు పలక మీద చీము చుక్క రాసి రంగు వేస్తే, చీము కణాల్లో క్రిములు జంటలు జంటలుగా పప్పుబద్దల్లా కనబడిపోయేవి. ఆడవాళ్ల విషయంలోనే అది తికమకపడేది. చాలామందికి బయటికి ఏమీ ఉండదు. కాస్త తెల్లబట్ట, పొత్తికడుపులో ఓ నొప్పి. పని ఎక్కువై అనుకుంటారు. లోపల గర్భనాళాలు మచ్చలుపడి మూసుకుపోయి, పిల్లలు కలగక ఏ పదేళ్లకో మా గది వెతుక్కుంటూ వచ్చిన వాళ్లున్నారు. క్లమీడియా అనే మరో రోగం ఇంకా మౌనంగా ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి మేమిద్దరం చాలం. అందుకే డాక్టరమ్మ మా మాటకోసం ఆగకుండా లక్షణాలు చూసి రెండింటికీ కలిపి మాత్రలిచ్చేవారు, భార్యకూ భర్తకూ ఒకేసారి.

నా పని సవాయి రోగం. పుస్తకాల్లో సిఫిలిస్ అంటారు. ఇది మహా మాయలమారిది. మొదట ఒక పుండు వస్తుంది. నొప్పి ఉండదు. కొన్నాళ్లకు తనంతట తనే మానిపోతుంది. మనిషి దేవుడికి దణ్ణం పెట్టుకుంటాడు. అది మాత్రం రక్తంలోకి దిగి, కొన్ని వారాలకో నెలలకో ఒళ్లంతా మచ్చలై పైకి తేలుతుంది. అవీ పోతాయి. ఆ పైన ఏళ్లతరబడి కిక్కురుమనదు. ఎప్పుడో గుండె మీదో మెదడు మీదో పడుతుంది. కడుపుతో ఉన్న ఆడమనిషిలో చేరితే అంతకాలం కూడా ఆగదు, లోపలి బిడ్డ దగ్గరికి వెళ్తుంది.

దాన్ని పట్టే పద్ధతి చెబుతాను. రక్తం తేరిన నీటిని అరగంట వేడి చేస్తారు. పన్నెండు గుంటలున్న గాజు పలకలో ఒక గుంటలో ఆ చుక్క, దాని మీద ఎద్దు గుండె నుంచి తీసిన సారంతో చేసిన మందు చుక్క వేసి నా నెత్తిన పెడతారు. నాలుగు నిమిషాలు తిప్పుతాను. రోగం లేని రక్తమైతే మజ్జిగలా నునుపుగా ఉంటుంది. ఉంటే, పిండి సరిగా కలపని జావలా ఉండలు కడుతుంది. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి జోగారావు గారు చీటీ రాస్తారు.

ఆ నాలుగు నిమిషాలూ ఆయన సొంతం. వేరే పని ముట్టుకునేవారు కాదు. స్టూలు మీద కూర్చుని నాతో మాట్లాడేవారు. ఎవరైనా వింటే తనతో తాను మాట్లాడుకుంటున్నాడనుకునేవాళ్లు. ఎక్కువగా ఆయన భార్య సుభద్రమ్మ గారి సంగతులే. ఇవాళ ఆవిడ పెట్టిన టిఫిను, నిన్న ఆవిడ గెలిచిన వాదన, కొత్తగా తెచ్చుకున్న కనకాంబరం మొక్క. ఒక వైశాఖంలో ఆవిడ గుండె ఆగి పోయారు. పదకొండు రోజుల తర్వాత ఆయన యథాప్రకారం వచ్చి, నా పళ్లెం తుడిచి, పలక పెట్టి మీట నొక్కి కూర్చున్నారు. మాట్లాడలేదు. ఆ రోజు మొదలు రెండేళ్లు ఆ నాలుగు నిమిషాలూ గోడవైపు చూసేవారు. కంటతడి లేదు. గట్టి మనిషి అని ఆసుపత్రిలో అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ గట్టితనం మీద నమ్మకం కలగలేదు. ఎందుకో నాకే తెలియలేదు, నూకరత్నం వచ్చేదాకా.

నూకరత్నం వచ్చింది ఆషాఢంలో. పెళ్లయిన ఆరేళ్లకు నిలిచిన కడుపు, అయిదో నెల. పక్కన అత్తగారు గంగాయమ్మ, చేతిలో గొడుగు, నేరేడుపళ్ల సంచి. ఊళ్లో ఏదో ల్యాబ్‌లో అన్ని రక్తపరీక్షలూ అయ్యాయి, అన్నీ బాగున్నాయన్నారు. అయినా ఒంటిమీద మచ్చలు పోలేదని గర్భిణుల గది డాక్టరు ఇక్కడికి పంపారు. ఆ రోజు ఆ గది నుంచి వచ్చిన నమూనాలే నలభై. జోగారావు గారు ఆమె మోచేతి పైన రబ్బరు గొట్టం కట్టి, గుప్పిట మూయమని, రక్తం తీసి, గుప్పిట తెరవమన్నారు.

అరచేయి ఎర్రగా ఉంది. గోరింటాకు. ఆషాఢంలో గోరింటాకు లేని చెయ్యి ఎక్కడుంటుంది? ఆయన తల ఊపి దూది పెట్టి, బయట కూర్చోమన్నారు. గంట తర్వాత ఆమె వంతు పలక నా మీదికెక్కింది. నాలుగు నిమిషాలు తిప్పాను. ఆయన సూక్ష్మదర్శినిలో చూశారు. నునుపుగానే ఉంది. అంచు కాస్త గరుకుగా కనబడిందేమో, మందు పాతబడింది అనుకున్నారు. రోగం లేదని రాసి, సంతకం చేసి, చీటీ ఇచ్చేశారు. అత్తా కోడలూ ఆ చీటీని ప్రసాదంలా అందుకుని వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఆయన పలకలు కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్లారు. నీళ్లు విప్పారు. విప్పి, అలాగే నిలబడ్డారు. పలక మీద నీళ్లు పడనివ్వలేదు. కుళాయి కట్టేసి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. రెండేళ్ల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడారు.

“చందమామ లేదు,” అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పారు. సుభద్రమ్మ గారు ఏటా ఆషాఢంలో గోరింటాకు రుబ్బి, అరచేతి నడుమ గుండ్రంగా చందమామ పెట్టుకుని, చుట్టూ చుక్కలు పెట్టి, వేళ్లకు టోపీలు తొడిగినట్టు అద్దుకునేవారు. కుడిచేతికి పెట్టే పని ఈయనదే. చందమామ వంకరపోతే మళ్లీ మొదలు. ఇరవై ఎనిమిదేళ్లు పెట్టిన చెయ్యి. ఈ అమ్మాయి అరచేతిలో చందమామ లేదు, చుక్కలు లేవు, వేళ్లకు టోపీలు లేవు. అరచెయ్యంతా గోడకు సున్నం కొట్టినట్టు పులిమేశారు. అది పెట్టుకున్న గోరింటాకు కాదు, దేన్నో కప్పిన గోరింటాకు. పైగా ఆమె చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చింది. స్టూలు మీద కూర్చుని కాళ్లు వేలాడేసినప్పుడు అరికాళ్లలో కూడా రాగి రంగు మచ్చలున్నట్టు ఆయన కంటికి తగిలింది. తగిలింది గాని మనసుకు ఎక్కలేదు.

ఆయన లేచి ఆమె రక్తపు నీరు మిగిలిన గొట్టం తీశారు. అడుగున కొంచెమే ఉంది. దాన్ని ఉప్పునీటితో సగానికి పలచన చేశారు. అందులో సగం తీసి మళ్లీ పలచన, మళ్లీ పలచన. మొదటి గుంటలో చిక్కటి చుక్క, ఆ పక్క గుంటల్లో రెండో వంతు, నాలుగో వంతు, ఎనిమిదో వంతు, అలా రెండు వందల యాభై ఆరో వంతు దాకా తొమ్మిది గుంటలు నింపి నా నెత్తిన పెట్టారు.

నేను అన్ని వేల సార్లు తిరిగాను గాని ఆ నాలుగు నిమిషాలు నా మోటారు ఎక్కడ గురక పెడుతుందోనని భయపడ్డ సందర్భం అదొక్కటే. బెల్టు పాతది. కరెంటు నమ్మకం లేనిది. మధ్యలో ఆగితే మళ్లీ చెయ్యడానికి గొట్టంలో చుక్క లేదు. ఆగలేదు.

ఆయన చూశారు. మొదటి గుంట నునుపు. రెండోది అనుమానం. మూడోదానిలో సన్నని ఉండలు. నాలుగో గుంట నుంచి పెద్ద పెద్ద ఉండలు. నూట ఇరవై ఎనిమిదో వంతులో కూడా ఉండలే.

రక్తంలో ఆ రోగపు జాడ మరీ చిక్కగా ఉంటే ఇలా జరుగుతుందట. మందులోని ఒక్కో రేణువుకూ కావలసినదానికంటే ఎక్కువ దొరికి, ఏదీ మరొకదాని చెయ్యి పట్టుకోదు. అన్నీ సమృద్ధిగా ఉన్న ఇంట్లో ఒకరితో ఒకరికి పని లేనట్టు. పైకి చూస్తే నునుపు. కొన్ని ఉప్పునీళ్లు కలిపితేనే లోపలున్నది బయటపడుతుంది. చదువుకున్నప్పుడు చదివిన సంగతే, ఆయన చేతికి తగలడం మాత్రం అదే మొదలు. ఊళ్లో ల్యాబ్ వాళ్లు చేసిన పొరపాటే ముప్పై ఏళ్ల అనుభవంతో ఆయనా చేశారు.

జోగారావు గారు పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు చూశాను. తెల్లకోటు విప్పకుండా, ఒక కాలికి చెప్పు సరిగా ఎక్కకుండానే వెళ్లారు. ఆ చీటీ పట్టుకుని ఆటో ఎక్కిందంటే ఆమె మళ్లీ ఇటు రాదు. బాగుందని రెండు చోట్ల రాసి ఇచ్చాక ఎవరొస్తారు? ఆటోలు ఆగేచోట జరిగింది తర్వాత ఆయనే నాకు చెప్పారు. ఆటో నిండింది, కదలబోతోంది. చుట్టూ పదిమంది. అత్తగారు పక్కనే. మీ కోడలికి రోగముందని అక్కడ ఎలా అంటారు? ఆయాసపడుతూ, “అమ్మా, ఆ చీటీ మీద సంతకం పెట్టడం మర్చిపోయాను. చెల్లదు. ఒక్కసారి రావాలి,” అన్నారట. సంతకం నీలి సిరాతో కొట్టొచ్చినట్టు ఉంది. నూకరత్నం చీటీ తెరిచి దాన్ని చూసింది. ఆయన మొహం చూసింది. చీటీ మడిచి జాకెట్టులో పెట్టుకుని దిగింది. గంగాయమ్మ మాత్రం సర్కారు ఉద్యోగుల మతిమరుపు మీద ఆసుపత్రి గేటు దాకా ఉపన్యాసం ఇస్తూ వచ్చిందట.

సిస్టర్ ఫిలోమినా అత్తగారిని బయట కూర్చోబెట్టి, కోడలిని ప్లైవుడ్డు అవతలికి తీసుకెళ్లారు. జోగారావు గారు ముందుగా డాక్టరమ్మతో తన తప్పు తాను చెప్పుకున్నారు. డాక్టరమ్మ ఆమె చేతులూ కాళ్లూ చూసి, గోరింటాకు సంగతి అడిగారు.

“మా అత్తండి. ఎర్ర మచ్చలొస్తే వేడి చేసిందని, చలవ చేత్తదని రుద్దేసిందండి.”

“దురద ఉండేదా?”

“లేదండి. దురదుంటే ముందే వత్తును కదండీ. ఏ బాధా లేదు. ఉన్నాయంతే.”

ఆ తర్వాత డాక్టరమ్మ చెప్పాల్సిందంతా నిదానంగా, మామూలు మాటల్లో చెప్పారు. ఇది క్రిమి వల్ల వచ్చే జబ్బు. కలయిక వల్ల ఒకరినుంచి ఒకరికి వస్తుంది. వదిలేస్తే కడుపులో బిడ్డ పోవచ్చు, రోగంతో పుట్టవచ్చు. ఇప్పుడే సూది వేస్తే బిడ్డనూ తల్లినీ కాపాడుకోగల మంచి మందుంది. భర్త కూడా వేయించుకోవాలి. లేకపోతే నయమైనది మళ్లీ వస్తుంది. సిస్టర్ మంచినీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టిన శబ్దం వినబడింది.

“నేనేం తప్పు చేశానండి?” అంది నూకరత్నం.

“నువ్వేం చెయ్యలేదమ్మా,” అన్నారు సిస్టర్.

ఆమె నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. ఈసారి గొంతు మారింది. “అయితే సూది ఇప్పుడే వేసెయ్యండి. ఆయన్ని నేను తీసుకొత్తాను.”

ముందు మందు పడుతుందో లేదో కొంచెం వేసి చూసి, ఆ తర్వాత పెన్సిలిన్ సూది, తుంటికి రెండు వైపులా. సున్నంనీళ్లలా చిక్కటి మందు, లావుపాటి సూది. రాత్రికి జ్వరం తగలొచ్చని, క్రిములు చచ్చేటప్పుడు అలాంటి గోల చేస్తాయని సిస్టర్ చెప్పి, ఒక రోజు వార్డులో ఉంచారు. గంగాయమ్మ లోపలికొచ్చి, వేడేనా అని అడిగింది. కోడలి గుట్టు కోడలిదే గనక డాక్టరమ్మ ఆమెకు వివరాలు చెప్పలేదు. వేడి కాదు, రక్తంలో క్రిమి, సూదితో పోతుంది, గోరింటాకు మాత్రం మచ్చల మీద రుద్దొద్దు అన్నారు. గంగాయమ్మ కాస్త ఆలోచించి, అంత మంచి సూదైతే తన మోకాళ్లకు కూడా ఒకటి వెయ్యమంది. వార్డంతా నవ్వారు. నూకరత్నం కూడా నవ్విందని సిస్టర్ వచ్చి చెబితే జోగారావు గారు అప్పుడు కోటు విప్పి కుర్చీ మీద వేశారు.

దుర్గారావు మూడో రోజు వచ్చాడు. ఏడాదిలో సగం వరికోత మిషన్‌తో రాష్ట్రాలు తిరుగుతాడు, మిగతా సగం ట్రాక్టరు తోలతాడు. దమ్ము చేస్తున్న చేలోంచి లేపుకొచ్చింది భార్య. పిక్కల మీద బురద ఎండి పెళ్లలు కట్టింది. సిస్టర్ అడిగినకొద్దీ ముక్కలు ముక్కలుగా బయటపెట్టాడు. మాఘమాసంలో తమిళ దేశంలో కోతలకు వెళ్లినప్పుడు జరిగింది. వచ్చాక పుండయింది. నొప్పి లేదు. తామరకు రాసే మందు రాస్తే మానిపోయింది. ఒంటి మీద దద్దురొస్తే వరి నూగు అనుకున్నాడు.

“మానిపోయిందండి. అందుకే ఎవరికీ చెప్పలేదు,” అన్నాడు.

“పుండు మానింది గాని రోగం మానలేదయ్యా. లోపలికెళ్లి కూర్చుంది,” అన్నారు సిస్టర్. “నీ మందు పనిచేసిందనుకున్నావు. ఏమీ రాయకపోయినా అది మానేదే.”

అతని నమూనా కూడా నా మీద తిరిగింది. అరవై నాలుగో వంతు దాకా ఉండలు. ఆ ముక్క విన్నాక అతను భార్య వైపు తిరిగి ఏదో అనబోయాడు. ఆమే అంది.

“ముందు నువ్వు సూది పొడిపించుకో. మాటలు తర్వాత. చాలా ఉన్నాయి.”

పొడిపించుకున్నాడు. అంత పెద్ద యంత్రం తోలే మనిషి ఆ సూదికి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. సూదికో, మరిదేనికో నేను చెప్పలేను. ఇంట్లో వాళ్లేం మాట్లాడుకున్నారో కూడా నాకు తెలియదు. తర్వాత మూడు సార్లు వచ్చినప్పుడు ఆమె ముందు నడిచింది, అతను వెనక సంచి పట్టుకుని వచ్చాడు. నాలుగోసారికి పక్కపక్కన వచ్చారు.

ఆ అన్నిసార్లూ ఆమె రక్తం నా మీద తిరిగింది. నూట ఇరవై ఎనిమిదో వంతు గుంట దాకా ఉండలు కట్టిన రక్తం మూడు నెలలకు ముప్పై రెండు దగ్గర ఆగింది. ఉండలు లేని గుంటలు ఒక్కొక్కటే పెరుగుతుంటే జోగారావు గారు వేలితో లెక్కపెట్టి నాకు వినిపించేవారు. ఆ మధ్యలోనే ఆయనకు మాటలు తిరిగి వచ్చాయి. సుభద్రమ్మ గారి కనకాంబరాలకు పేను పట్టిందనీ, పులిహోరలో ఇంగువ వేయడం మర్చిపోయాననీ. ఒక రోజు ఆవిడ గొంతు ఎలా ఉండేదో చెబుతూ మధ్యలో ఆగిపోయి, కోటు చేత్తో కళ్లు తుడుచుకున్నారు. నా నాలుగు నిమిషాలు అయిపోయాయి, ఆయనవి కాలేదు. పలక ఎండిపోయింది. మళ్లీ చేశారు. గట్టి మనిషి ఏడుస్తున్నాడని ఎవరైనా చూస్తే కంగారుపడేవాళ్లే. నేను పడలేదు. మరీ చిక్కగా ఉన్నది బయటికి కనబడదని, కాసిని ఉప్పునీళ్లు కలవాలని నాకు అప్పటికి తెలుసు.

ఇంకొక సంగతి. ఆ ఆషాఢం తర్వాత ఆయన గర్భిణుల నమూనాలన్నీ ఒక గుంటలో కాక మూడు గుంటల్లో వేయడం మొదలుపెట్టారు. చిక్కటిది ఒకటి, పలచనవి రెండు. పని మూడింతలైంది. ఎవరూ అడగలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. నాకు మాత్రం బరువు పెరగలేదు. పలక అదే.

మార్గశిరంలో నూకరత్నానికి ఆడపిల్ల పుట్టింది. కోతల కాలం, దుర్గారావు ఆ ఏడు దూరం వెళ్లకుండా చుట్టుపక్కల చేలలోనే మిషన్ తోలుతున్నాడు. తలనిండా ఊకతో పరుగెత్తుకొచ్చాడట. బిడ్డ ఒంటి మీద మచ్చ లేదు, కాలేయం బాగుంది, ముక్కు కారడం లేదు. అయినా రక్తం పంపారు. నాలుగో వంతు దాకా ఉండలు. జోగారావు గారి మొహం పాలిపోయింది. డాక్టరమ్మ ప్లైవుడ్డు ఇవతలికి వచ్చి మరీ ధైర్యం చెప్పారు. తల్లి రక్తంలో ఇంకా పదహారు ఉంది, బిడ్డలో నాలుగే, అది తల్లి నుంచి వచ్చిన జాడ, బిడ్డ సొంతం కాదు, నెలలు గడిచేకొద్దీ దానంతటదే పోవాలి. పోకపోతే అప్పుడు చూద్దాం. పోవాలి అన్న ఆ ఒక్క మాట మీద ఆ ఇంటివాళ్లూ, ఇటువైపు మేమూ ఆరేడు నెలలు బతికాం.

మళ్లీ ఆషాఢం వచ్చింది. పిల్లకు ఏడో నెల. గంగాయమ్మ చంకలో ఎక్కి, జోగారావు గారి కళ్లజోడు లాగుతూ వచ్చింది. రక్తం తీయడానికి సిస్టర్ పిల్ల గుప్పిట విప్పారు. అరచేయి లేత గులాబీ రంగు. నడుమ రూపాయి బిళ్లంత ఎర్రటి చందమామ. చుట్టూ అయిదు చుక్కలు, ఒకటి అదిరి పక్కకు జారింది. వేళ్లకు గోరంతంత టోపీలు.

జోగారావు గారు ఆ చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

“చందమామ ఎవరు పెట్టేరమ్మా?”

“నేనేనండి,” అంది నూకరత్నం. “ఈ ఏడు మా అత్తని ముట్టుకోనివ్వలేదు.”

“మీ అందరికీ నా చెయ్యే లోకువ,” అంది గంగాయమ్మ. “మోకాళ్ల సూది ఇప్పటికీ వెయ్యలేదు.”

పిల్ల ఏడ్చినంత ఏడ్చి, ఆపాక నేరేడుపండు చూసి నవ్వింది. గంట తర్వాత పలక నా మీదికి వచ్చింది. జోగారావు గారు స్టూలు మీద కూర్చున్నారు. ఆ నాలుగు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు, గోడ వైపూ చూడలేదు. నన్నే చూస్తూ కూర్చున్నారు. నేను తిరిగాను. గుంట గుంటకీ నునుపు. చిక్కటిదీ నునుపే, పలచనదీ నునుపే. ఈసారి నునుపంటే నునుపే. ఆయన రెండుసార్లు చూశారు. డాక్టరమ్మను పిలిచి చూపించారు. సిస్టర్ కూడా చూస్తానన్నారు, ఆవిడకు చూడటం రాకపోయినా. చీటీ రాసి, సంతకం పెట్టి, నూకరత్నం చేతికిస్తూ, “సంతకం చూసుకో అమ్మా,” అన్నారు. ఆమె నిజంగానే చూసుకుంది. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఎందుకో గంగాయమ్మకు ఇప్పటికీ తెలియదు.

జోగారావు గారు పదవీ విరమణ చేసి చాలా ఏళ్లయింది. నేను ఇప్పుడు బీరువా మీద ఉంటున్నాను. కొత్తగా వచ్చిన కాగితపు పట్టీలు వేలి చివర రక్తపు చుక్కతో పావుగంటలో ఫలితం చెప్పేస్తాయి. మోటారు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. మంచివే. వాటివల్ల దూరపు ఊళ్లలో కడుపుతో ఉన్న ఆడవాళ్లకు బస్సు ప్రయాణం తప్పింది. నన్ను పాత ఇనుము కింద రాసి పంపించేయమని ఒక కాగితం కూడా వచ్చింది. ఇప్పుడున్న టెక్నీషియన్ అమ్మాయి శౌరీలు దాన్ని డాక్టరమ్మకు చూపించి వెనక్కి పంపింది. ఎందుకంటే ఆ పట్టీ ఒకసారి గీత చూపించిందంటే నయమైపోయాక కూడా, బతికినంతకాలం, అదే గీత చూపిస్తుందట. వచ్చిందని చెప్పడం దానికి తెలుసు. పోతోందని చెప్పడం దానికి చేతకాదు.

అందుకని ప్రతి గురువారం శౌరీలు నన్ను కిందికి దించి, దుమ్ము తుడిచి, సూదులు వేయించుకున్న వాళ్ల పలకలు నా నెత్తిన పెడుతుంది. నూట ఇరవై ఎనిమిదిలు ముప్పై రెండులవుతాయి, పదహారులు రెండులవుతాయి. బాగుపడుతున్న మనుషులే ఇప్పుడు నా దగ్గరికి వస్తున్నారు. ముసలితనంలో ఇంతకంటే ఏం కావాలి?

ఒక్కో గురువారం జోగారావు గారు కూడా వస్తారు, గోడవారగా అదే స్టూలు మీద కూర్చుంటారు. శౌరీలు మీట నొక్కుతుంది. ఆయన కనకాంబరాల సంగతి మొదలుపెడతారు. నేను తిరుగుతాను.